ముందు ఆ పాత పైకప్పుల సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనం వస్తోంది, హైకోర్టు రాజేంద్రనగర్ వైపు వెళ్తోంది. అంటే మూసీకి అటూ ఇటూ నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో కట్టిన ఈ రెండు పెద్ద పాత భవనాలూ కొన్నేళ్లలో ఖాళీ అవుతాయి. వాటిని మ్యూజియం చేస్తారా, ఇంకేదైనా చేస్తారా అన్నది తర్వాత మాట్లాడుకోవచ్చు. మనుషులు లేని భవనంలో ఎక్కడ కారుతోందో చెప్పేవాళ్లే ఉండరు కాబట్టి పైకప్పుల పని ముందు పట్టుకోవాలి. 2020 జూలైలో ఉస్మానియా వార్డుల్లోకి మురుగునీళ్లు వచ్చాక పాత భవనాన్ని ఖాళీ చేయించారు గానీ, పైనుంచి పెచ్చులు ఊడిపడటం అంతకు చాలా ముందే మొదలైంది.

నేను సివిల్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. పాత ఆఫీసు భవనాల మీద చూసింది చెబుతున్నా. వాటర్‌ప్రూఫింగ్ టెండరు చదరపు మీటరు లెక్కన పిలుస్తారు, కాంట్రాక్టరు కూడా చదునుగా ఉన్న జాగా అంతా చకచకా పూసేసి బిల్లు పెడతాడు. కానీ నీళ్లు దిగేది అక్కడ కాదు, గుమ్మటం అడుగు మిద్దెను కలిసే చోట, పిట్టగోడ మూలల్లో, రావి మొక్క మొలిచిన పగులులో, పావురాల రెట్టతో పూడిపోయిన తూముల దగ్గర, ఏసీ పైపుల కోసం ఎవరో కొట్టిన రంధ్రాల్లో. పైగా ఒకచోట దిగిన నీళ్లు లోపల ఎక్కడికో పాకి మరోచోట మరకగా కనిపిస్తాయి, మరక మీద పని చేసి లాభం లేదు.

అప్పటి మిద్దెల్లో చాలావాటికి ఇనుప దూలాల మధ్య చిన్న ఇటుక కమానులు, వాటిపైన సున్నంతో కలిపిన ఇటుక ముక్కల పొర ఉంటాయి. డంగు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, కొట్టే దిమ్మిస చెక్క వెనక్కి ఎగిరిపడేంతగా ఆ పొర గట్టిపడేదాకా రోజుల తరబడి కొట్టేవాళ్లు. అది తడిని పీల్చుకున్నా మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు, దాని మీద తారు షీటు, కారితే ఇంకో సిమెంటు పొర అని వేసుకుంటూ పోతే తడి లోపలే చిక్కుకుంటుంది, బరువు పెరుగుతుంది, దూలాలు తుప్పు పట్టి ఉబ్బి ఇటుకల్ని పగలగొడతాయి. మన ఎండకు ఆ తారు షీటు ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే పాత పొరలన్నీ జాగ్రత్తగా తీయించి, వాలు సరిచేసి, తూములు తెరిపించి, ఒక్కో భాగం సున్నంతోనే చేయించాలి. మే నెలలో హడావుడిగా చేసే పని కాదిది. సున్నం నిదానంగా ఆరాలి కాబట్టి వానలు వెళ్లగానే మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, తక్కువ రేటు వేసినవాడికే పని అనే నిబంధన వాళ్లను దగ్గరికి కూడా రానివ్వదు, దాన్ని సడలించాలి.

టెండరు సంగతి తర్వాత, ఈ వానలు పడుతుండగానే మనుషుల్ని పైకి పంపి ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో, ఎక్కడ దిగుతున్నాయో ప్లాన్ మీద గుర్తులు పెట్టించండి. ఎండాకాలంలో ఎక్కి చూస్తే అదేదీ కనిపించదు.

– ఒక రిటైర్డ్ ఇంజినీరు, మలక్‌పేట, హైదరాబాద్