గ్రాఫ్టుల లెక్క సరే, పంచ్ పట్టేదెవరు?

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ పత్రిక హైదరాబాద్ పేజీల్లో జుట్టు నాటే కేంద్రాల ప్రకటన లేని వారం అరుదు. అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా మెట్రో స్తంభాల మీదా అవే బొమ్మలు. మూడు వేల గ్రాఫ్టులు, నాలుగు వేల గ్రాఫ్టులు, కుట్లు లేవు, నొప్పి లేదు, సులభ వాయిదాలు అని ఊరించే ఆ ప్రకటనల్లో, అన్ని గ్రాఫ్టులను, అంటే నాటడానికి తీసే వెంట్రుకల కుదుళ్లను, తల వెనుక నుంచి తీసేది ఎవరన్న మాట మాత్రం కనబడదు.

ఒకప్పుడు తల వెనుక చర్మాన్ని సన్నని పట్టీగా కోసి, దాన్ని సూక్ష్మదర్శిని కింద కుదుళ్లుగా విడదీసేవారు. ఇప్పటికీ కొందరు ఆ పద్ధతిలోనే చేస్తారు గానీ, అందులో కుట్ల గీత మిగులుతుంది. 2002లో రాస్‌మన్, బెర్న్‌స్టీన్ అనే అమెరికా వైద్యులు, వారి సహచరులు వెలువరించిన పరిశోధన పత్రంతో ప్రచారంలోకి వచ్చిన ఎఫ్‌యూఈ (ఫాలిక్యులర్ యూనిట్ ఎక్స్‌ట్రాక్షన్) పద్ధతిలో పట్టీ కోయరు. ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుండే ఒక్కొక్క కుదురునూ మిల్లీమీటరు, అంతకు లోపు వ్యాసముండే పంచ్‌తో, అంటే అంచు పదునైన గుండ్రని బోలు పనిముట్టుతో, విడివిడిగా తీస్తారు. చిక్కంతా ఇక్కడే. వెంట్రుక చర్మం పైన ఏ వాలులో కనబడుతుందో లోపల దాని వేరు సరిగ్గా అదే వాలులో ఉండదు; రింగుల జుట్టయితే లోపల కూడా వంపు తిరిగి ఉంటుంది. పంచ్ కాస్త పక్కకు ఒరిగినా వేరు తెగుతుంది. కుదురును పట్టి ఉంచే చిన్న కండరం విడివడేంత లోతుకు పంచ్‌ను దించాలి, అంతకు మించి పదునైన అంచును పోనిస్తే వేరుకే ముప్పు. ఆ తర్వాత చిమటాతో పైకి లాగేటప్పుడు చేతికి తొందర పనికిరాదు, బయటికి వచ్చిన గ్రాఫ్టు నాటేదాకా తడి ఆరకూడదు. పంచ్ ఎంత చిన్నదైతే మచ్చ అంత చిన్నది, వేరు తెగే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. 0.8 మిల్లీమీటర్ల పంచ్‌తో పోలిస్తే ఒక మిల్లీమీటరు పంచ్ చేసే గాయం వైశాల్యంలో ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఏ తలకు ఏది వాడాలో ఆ తలను చూసి నిర్ణయించవలసిందే తప్ప ప్యాకేజీని బట్టి కాదు.

రెండేళ్ల క్రితం మా మేనల్లుడు నగరంలోని ఒక కేంద్రంలో ఈ చికిత్స చేయించుకున్నాడు. డాక్టరు గారు వచ్చి నుదుటి మీద గీత గీసి వెళ్లారట. మధ్యాహ్నం దాకా పంచ్ పట్టింది ఇద్దరు కుర్రవాళ్లు. వాళ్ల చేతి నేర్పును నేను శంకించడం లేదు, రోజూ ఆ పనే చేసేవారికి అది బాగానే అబ్బి ఉండవచ్చు. కానీ తేడా వస్తే జవాబు చెప్పవలసింది ఎవరు? జుట్టు కురచగా కత్తిరించుకున్నప్పుడు వాడి తల వెనుక భాగం కోళ్లు కెలికిన నారుమడిలా కనిపిస్తోంది. తీసిన చోట కుదురు మళ్లీ మొలవదు కనుక, ఎంత తీయాలన్న దానితో పాటు ఎక్కడెక్కడ ఎడం ఉంచి తీయాలన్నదీ ముఖ్యమే. వాడికిచ్చిన కాగితంలో 3,200 గ్రాఫ్టులని ఉంది. వాటిలో తెగినవెన్నో లేదు, తీసినవారి పేరూ లేదు.

జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఈ విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన శస్త్రచికిత్స శిక్షణ పొందిన వైద్యులే ఇది చేయాలని, వర్క్‌షాపులోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన అర్హత రాదని అందులో స్పష్టంగా ఉంది. జిల్లా వైద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు గోడకు వేలాడే పట్టాలతో సరిపెట్టుకోకుండా, ఆ రోజు పంచ్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. పంచ్ వ్యాసం, తీసిన గ్రాఫ్టులు, తెగినవి, తీసినవారి పేరు రాసిన కాగితాన్ని ప్రతి రోగికీ ఇవ్వడం తప్పనిసరి చేయాలి. మీ పత్రిక కూడా శస్త్రచికిత్స చేసే వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య లేని ఇటువంటి ప్రకటనలను ఇకపై స్వీకరించకూడదని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్