రన్ అనే మాట గురించి అమ్మాయికి

చిట్టితల్లీ,

నువ్వు నర్సుగా చేస్తున్న వార్డులో ఒక పెద్దాయన "ఐ హ్యాడ్ ద రన్స్ ఆల్ నైట్" అంటే నీకు అర్థం కాక పక్క నర్సును అడిగావట. విరేచనాలని ఆమె చెప్పాక, ఇన్నేళ్లు ఇంగ్లిష్‌లో చదివి ఏం లాభమమ్మా అని ఫోన్లో గొంతు దిగులుగా పెట్టావు. అందులో నీ లోపమేమీ లేదు తల్లీ. డయేరియా అనే మాట నీకు బాగా తెలుసు, కానీ మంచాన పడిన మనిషి ఆ మాట వాడడు. ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరి నోటికైనా చిన్నప్పటి ఇంటి మాటే వస్తుంది.

మన దగ్గర మాత్రం? కోడలు నీళ్లాడిందని మీ అమ్మమ్మ అంటే, తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న డాక్టరుకు పురుడొచ్చిందని తడుతుందా? ఊపిరాడదు, చెయ్యాడదు, సినిమా ఆడుతుంది, అబద్ధమాడతారు, పెళ్లాడతారు. ఇవేవీ మనం పుస్తకం చూసి నేర్చుకోలేదు.

రన్ అంటే పరిగెత్తడమని ఆరో తరగతి పిల్లలకు నేనూ చెబుతాను. మొదలు అలాగే పెట్టాలి మరి. కానీ ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు కొత్త కూర్పు కోసం ఈ క్రియను తిరగరాస్తే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పనిచేశాడు. 1928లో పూర్తయిన మొదటి కూర్పులో అన్నిటికన్నా పెద్ద పద్దు 'సెట్'ది. రన్ ఇప్పుడు దాన్ని దాటిపోయింది. పాతకాలం నుంచీ మనుషులూ నీళ్లూ రన్ అవుతూనే ఉన్నాయి. యంత్రాలొచ్చాక ఇంజనూ, రైలూ, ఫ్యాక్టరీ, ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రామూ వచ్చి చేరాయి. మనకు నీళ్లు పారతాయి, ముక్కు కారుతుంది, బడి నడుస్తుంది, ఉతికితే రంగు దిగుతుంది. వాళ్లకు అన్నిటికీ ఒకటే పరుగు. ఎన్నికల్లో మాత్రం అమెరికా వాళ్లు రన్ అవుతారు, నువ్వున్న బ్రిటన్‌లో మనలాగే నిలబడతారు. ఇది నాకు భలే నచ్చుతుంది.

ఇక నీ వార్డు సంగతి. 'రన్నింగ్ ఎ టెంపరేచర్' అంటే జ్వరం ఉందని. అది నీకు తెలిసే ఉంటుంది. తికమకపెట్టేది రన్ పక్కన వచ్చే బుల్లి మాట. 'ఐ ఫీల్ రన్ డౌన్' అంటే ఒంట్లో సత్తువ లేదని. 'హి వాజ్ రన్ డౌన్ బై ఎ వ్యాన్' అంటే వ్యాను గుద్దిందని. 'ద డ్రిప్ హ్యాజ్ రన్ త్రూ' అంటే సెలైన్ ఎక్కడం అయిపోయిందని, అదే సిస్టర్ నీతో 'రన్ మీ త్రూ ఇట్' అంటే మొదట్నుంచీ ఒకసారి చెప్పమని. 'రన్ ఇట్ బై ద డాక్టర్' అంటే డాక్టరు చెవిన వేసి రమ్మని. 'రన్ సమ్ బ్లడ్స్' అంటే రక్త పరీక్షలు చేయించమని. మాత్రలు 'రన్ ఔట్' అయ్యాయంటే నిండుకున్నాయని. మన ఇళ్లలో ఆ మాట క్రికెట్‌కే పరిమితం కదా, నీకు కొత్తగా అనిపించడంలో వింతేముంది?

అందుకని రన్ అని పైన రాసి, కింద అర్థాలు పేర్చుకుంటూ కూర్చోకు. విన్న వాక్యం విన్నట్టే రాసుకో. ఎవరు, ఏ సందర్భంలో అన్నారో కూడా రాయి, రోగుల పేర్లు మాత్రం వద్దు. డ్యూటీ దిగి వెళ్తూ బస్సులో ఒకసారి చదువుకుంటే చాలు. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను: అర్థం కానిది ఊహించుకుని పని చేయకు. "అంటే ఏమిటండీ?" అని ఆ రోగినే అడుగు. ఆ పెద్దాయనకు రాత్రి ఎన్నిసార్లయిందో, నీళ్లు తాగుతున్నాడో లేదో నీకు తెలియాలంటే ముందు ఆ మాట తెలియాలి కదా. అడిగినందుకు నిన్నెవరూ తక్కువ చేయరు. చేసినా నువ్వు అడగడం మానకు.

అన్నట్టు, 'ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ' అనే మాట నీకు రోజూ వినిపిస్తూ ఉంటుంది. మీ నాన్న వైపు అందరికీ బీపీ ఉంది. ఊళ్లోవాళ్లందరికీ చూస్తావు, నీ బీపీ ఎప్పుడు చూసుకున్నావో ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు చెప్పాలి.

అమ్మ