ఇంటికొస్తున్నా, ఈసారి అందరం కలుద్దాం

ఏమర్రా, ఎలా ఉన్నారు? వచ్చే వారం ఇంటికి వస్తున్నాను. ఉండేది తొమ్మిది రోజులే. పోయినసారి ఒక్కొక్కరినీ విడివిడిగా కలుద్దామనుకుని, సగం మందిని చూడకుండానే తిరిగెళ్లిపోయాను. ఇద్దరు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు. తప్పు నాదేలెండి.

అందుకే ఈసారి ఒకే సాయంత్రం. శనివారమా, ఆదివారమా అని కింద పోల్ పెట్టాను, రేపు రాత్రిలోపు నొక్కండి. బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోకండి, అది వస్తున్నట్టో, ఊరికే చూసినట్టో ఎవరికీ అర్థం కాదు! పిల్లలతో వచ్చినా సరే, ఆలస్యమైనా సరే. గ్రూపులో మాట్లాడటం మానేసిన వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను. గొంతు వింటే కాదనలేరు.

ఒక్క మనవి. జీతాలు, లోన్లు, పిల్లల మార్కులు మొదటి అరగంటలో ముగించేద్దాం. పోయినసారి మనవాడొకడు వెళ్తూ వెళ్తూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వాళ్ల నాన్నగారు పోయిన సంగతి చెప్పాడు. అంతకుముందు రెండు గంటలు ఏం మాట్లాడుకున్నామో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పాత ఫొటోలుంటే ప్రింట్లే పట్టుకురండి. వెనకాల పెన్నుతో రాసిన పేర్లు ఫోన్‌లో కనపడవు.