మన హామ్ రేడియో క్లబ్ 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షులవారికి, పెద్దలకి, తోటి సభ్యులకి నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు, లైసెన్సుతో సొంత రేడియో సెట్ల మీద మాట్లాడుకునే మన క్లబ్ చేసిన పనులు ఈ సభ ముందు పెడుతున్నాను.

ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. మేడ మీద యాంటెన్నా పెట్టుకోనిచ్చి, కోతులు కేబుల్ లాగేసిన మూడుసార్లూ విసుక్కోకుండా నిచ్చెన అందించిన మాష్టారి కుటుంబానికి, ఏడాది పొడవునా బ్యాటరీలు డబ్బు తీసుకోకుండా ఛార్జి చేసిచ్చిన సభ్యుడికి, పిలిచినప్పుడల్లా పలికిన బరంపురం, శ్రీకాకుళం, విశాఖ హామ్ మిత్రులకి పేరుపేరునా దండాలు. తెలుగు, ఒడియా, సవర మాటలు మూడూ వచ్చిన మన ఉపాధ్యక్షులు లేకపోతే ఈ ఏడాది సగం పనులు జరిగేవి కావు.

ఆదివారం ఉదయం 7 మెగాహెర్ట్జ్ నెట్, అంటే సభ్యులంతా ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి పలకరించుకునే కార్యక్రమం, ఏడాదిలో నాలుగు వారాలు తప్ప ఆగలేదు. అయితే ఒక మాట చెప్పక తప్పదు. మన జాబితాలో 31 మంది ఉన్నారు. నెట్‌లో పలికేది ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. రేడియో కొని బీరువా మీద పెట్టిన సభ్యులు దయచేసి నెలకి ఒక్కసారైనా మైకు పట్టుకోండి. మీ గొంతు వినపడితేనే మీ సెట్టూ, మీ బ్యాటరీ బాగున్నాయని మాకు తెలిసేది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో అక్టోబర్ 24 రాత్రి మేలుకుని ఉన్నవాళ్లకి తెలుసు. దానా తుఫాను భితర్‌కనిక – ధమ్రా వైపు తీరం దాటింది కాబట్టి ఒడిశాలోని మన గజపతి జిల్లాకి పెద్దగా దెబ్బ తగల్లేదు. అయినా 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు పోయి మనం ఎలా ఉండిపోయామో ఎవరూ మరిచిపోలేదు. మన జిల్లాలోని రాయగడ బ్లాకులో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడితే ఆ కబురు కిందికి రావడానికి ఎంత ఆలస్యమైందో మనం చూశాం. అందుకే ఈసారి రాత్రంతా వంతులు వేసుకుని కూర్చున్నాం. 12 మంది పేర్లిచ్చారు, ఐదుగురు వచ్చారు.

ఆ రాత్రి ఒక పాఠం నేర్చుకున్నాం. మన కొండల మధ్య 145 మెగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక మలుపు దాటితే అందదు. అందుకని 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌ని (తీగ యాంటెన్నాని) నాలుగైదు మీటర్ల ఎత్తులోనే కట్టాం. తక్కువ ఎత్తులో ఉంటే సిగ్నల్ నిటారుగా పైకెళ్లి, వాతావరణంలో పైపొర అయిన అయనోస్ఫియర్‌కి తగిలి, గొడుగులా చుట్టుపక్కల జిల్లాల మీద దిగుతుంది. కొండ అడ్డమున్నా పర్వాలేదు. అర్ధరాత్రి దాటేవరకు బరంపురం పక్క గదిలో మాట్లాడినట్టే వినిపించింది. రాత్రి 3 గంటలు దాటాక మాయమైపోయింది. అదే సమయంలో ఎక్కడో దూరదేశం స్టేషన్లు గట్టిగా వస్తున్నాయి. తెల్లవారుజామున అయనోస్ఫియర్ పలచబడినప్పుడు 7 మెగాహెర్ట్జ్ తరంగాలు దగ్గర్లో దిగకుండా దూరం వెళ్లిపోతాయి. అప్పుడు కావలసింది 3.5 మెగాహెర్ట్జ్. దానికి దాదాపు 40 మీటర్ల తీగ కట్టాలి. మన దగ్గర 20 మీటర్ల తీగే ఉంది. తుఫాను మన మీదికే వచ్చి ఉంటే ఆ రెండు మూడు గంటలు మనం మూగవాళ్లమే.

ఇక ఈ ఏడాదికి మనం గర్వంగా చెప్పుకోవలసింది మహేంద్రగిరి. 2025 ఫిబ్రవరి 26, శివరాత్రి. 1,501 మీటర్ల కొండ, పైన కుంతి, భీముడు, యుధిష్ఠిరుల పేర్లతో ఉన్న రాతి గుళ్లు, ఎటు చూసినా భక్తులే. రెండేళ్లుగా అనుకుంటున్న పని ఇది. జీపు వెళ్లినంత దూరం వెళ్లి, మిగతా దారి 12 వోల్టుల బ్యాటరీలు రెండు, వెదురు గడలు, మనవాళ్లే అల్యూమినియం గొట్టాలతో చేసిన ఐదు ఎలిమెంట్ల యాగీ (ఒక వైపుకే గురిపెట్టే యాంటెన్నా) మోసుకుంటూ నడిచాం. కొండ కింద ఒక స్టేషన్, దారి మధ్యలో హ్యాండీతో (చేతి రేడియోతో) ఒకరు, పైన మిగతావాళ్లం.

మధ్యాహ్నం ఫోను అందని మలుపులో ఒక ముసలాయన కళ్లు తిరిగి పడిపోయారు. మధ్యలో ఉన్న మన కుర్రాడు వెంటనే కిందికి చెప్పాడు. ఫలానా రాయి దగ్గర, నీలం చొక్కా, స్పృహ ఉంది, నడవలేరు. రెండు ముక్కల్లో విషయం మొత్తం చేరింది. కింద నుంచి మంచం పట్టుకుని మనుషులు బయల్దేరారు. సాయంత్రానికి ఆయన లేచి టీ తాగారని కబురొచ్చాకే మా టెన్షన్ తగ్గింది. ఆ కుర్రాడు వీయూ3 లైసెన్సు (మొదటి మెట్టు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్) తెచ్చుకుని ఏడాది కూడా కాలేదు. సభ తరఫున అతనికి చప్పట్లు కోరుతున్నాను.

అదే రోజు 145 మెగాహెర్ట్జ్‌లో శ్రీకాకుళం వెంటనే దొరికింది. విశాఖ మిత్రుడు కైలాసగిరి ఎక్కి మనకోసం రెండు గంటలు కాచుకున్నారు. నేరుగా గీత గీస్తే దూరం సుమారు 175 కిలోమీటర్లు. మొదటి గంట గుర్రుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. యాగీని వేలెడంత అటూ ఇటూ తిప్పుతూ పోతే, ఒక్కసారిగా మన కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) స్పష్టంగా వినిపించింది. పైన ఉన్నవాళ్లం అందరం అరిచాం. సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే చక్రం, సోలార్ సైకిల్ 25, మంచి ఊపు మీద ఉండడంతో 28 మెగాహెర్ట్జ్‌లో జపాన్, ఇటలీ కూడా పలికాయి. లాగ్‌బుక్‌లో మొత్తం 61 కాంటాక్టులు. కాంటాక్టు జరిగిందని పంపే క్యూఎస్ఎల్ కార్డు మీద మహేంద్రగిరి బొమ్మ వేయిస్తున్నాం.

కొండకి 14 మంది వస్తామన్నారు, ఏడుగురు వచ్చారు. రాలేనివాళ్లు ముందు రోజు చెప్పినా వేరేవాళ్లని సర్దుకునేవాళ్లం.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుకి నెట్ మొత్తం తెలుగులోనే నడిపాం. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషి. హైదరాబాద్, రాజమండ్రి స్టేషన్లు చేరాయి. అక్టోబర్‌లో స్కౌట్ల జాంబొరీ ఆన్ ద ఎయిర్‌కి పిల్లలు వచ్చారు. లైసెన్సు లేదు కాబట్టి మైకు ఇవ్వలేదు, వినిపించాం, చుక్కలు, గీతల సంకేతమైన మోర్స్‌లో వాళ్ల పేర్లు కొట్టించాం. డిసెంబర్ చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్‌లో పంపిన చిత్రాలు ల్యాప్‌టాప్ మీద గీత గీతగా దిగుతుంటే ఆ పిల్లలే మళ్లీ వచ్చి చూశారు.

లైసెన్సు పరీక్షకి 9 మందికి శిక్షణ ఇచ్చాం. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 మాటలు రావాలి. ఐదుగురు పాసయ్యారు. వాళ్లలో ఇద్దరి కాగితాలు నెలల తరబడి కదలలేదు. తుఫాను సన్నాహాల్లో మమ్మల్ని కూడా కలుపుకోమని ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం, స్వయంగా రెండుసార్లు వెళ్లాం. సంతకం పెట్టి తీసుకున్నారు, జవాబు లేదు. నాలుగో ఉత్తరం కూడా రాస్తాను.

లెక్కలు: చందాలు, విరాళాలు కలిపి 38,400 రూపాయలు వచ్చాయి. ఖర్చు 35,150. మిగులు 3,250. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడొచ్చు. 11 మంది చందా బాకీ.

ఈ నెల, 2025 ఏప్రిల్ 18కి అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ పారిస్‌లో పుట్టి నూరేళ్లు నిండుతాయి. గుడ్‌ఫ్రైడే సెలవు కాబట్టి ఉదయం నుంచి రాత్రి వరకు స్టేషన్ నడుపుదాం. దానికి ముందే, ఈ ఆదివారం నెట్ అయ్యాక, మాష్టారి మేడ నుంచి వేపచెట్టు దాకా 40 మీటర్ల తీగ కడుతున్నాం. తీగ కొన్నాం, నిచ్చెన ఉంది. పట్టుకోవడానికి నలుగురు కావాలి. పేర్లు ఇప్పుడే రాయించండి.

73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).
కార్యదర్శి