బెంచీలు సరే, వాసన వస్తే ఎవరికి చెప్పాలి?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో, ఒక గ్యాస్ కంపెనీ సామాజిక బాధ్యత నిధులతో మా పక్క ఊరి బడికి బెంచీలు, వాటర్ ప్లాంటు ఇచ్చిన ఫోటో వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను కానీ మనసు ఒప్పక రాస్తున్నాను. బెంచీలు వద్దని ఎవరూ అనరు. పిల్లలకు కావలసినవే.

మా కొబ్బరి తోట పక్క నుంచే గ్యాస్ లైను పోతుంది. గుర్తు రాయి మీద ఫోన్ నంబరు ఎండకీ వానకీ చెరిగిపోయింది. మళ్లీ రాయించమని రెండుసార్లు అర్జీ ఇచ్చాను. వాసన వస్తే ఎవరికి చెప్పాలో, ఎటు పరిగెత్తాలో ఇన్నేళ్లలో ఒక్కరూ మా వీధికి వచ్చి చెప్పలేదు. మండల ఆఫీసుకు వెళితే కంపెనీని అడగమంటారు. కంపెనీ గేటు దగ్గర మండల ఆఫీసు నుంచి కాగితం తెమ్మంటారు. పాత రోజుల్లో మునసబు గారైనా అరుగు మీద కూర్చోబెట్టి వినేవారు.

మా భయం ఊరికే పుట్టలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా దగ్గరి నగరం అనే ఊళ్లో గెయిల్ కంపెనీ గ్యాస్ లైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరి జనం అప్పట్లో ఏడ్చి మొత్తుకున్నారు. ఇప్పటికీ ఆ దారిన వెళితే నాకు కాళ్లు ఆడవు.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతాన్ని ముందు చూడాలి. ఆ లెక్క మా గ్రామసభలో చదివి వినిపించడానికి అభ్యంతరం ఏమిటి? పైగా 2020 జనవరిలో కేంద్రం నిబంధన మార్చి, గ్యాస్, చమురు ఉన్నాయో లేదో చూడ్డానికి తవ్వే అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. అంటే తోటల మధ్యకు బావి తవ్వే రిగ్గు వచ్చాకే మాకు తెలుస్తుంది. భూమి మాది, భయం మాది, అడిగే హక్కు మాత్రం లేదు. ఇది చాలా అన్యాయం.

దయచేసి ఈసారి ఇలాంటి ఫోటో వేసేటప్పుడు, ఆ ఊళ్లో ప్రమాదం వస్తే ఏం చేయాలో జనానికి చేసి చూపే మాక్ డ్రిల్ చివరిసారి ఎప్పుడు జరిగిందో మీ విలేకరి చేత కనుక్కుని, పక్కనే అదీ వేయండి.

– ఒక కొబ్బరి రైతు, మామిడికుదురు మండలం, కోనసీమ