పెద్దాయనకు దండం

ఈపొద్దు స్టాఫ్ బస్సు డ్రైవరుగా నా మొదటి డ్యూటీ అయిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి బండెక్కినోణ్ణి, రాత్రి తొమ్మిదిన్నరకు దిగినా. పొద్దున ఒక షిఫ్టును దింపి రావాల, సాయంత్రం ఇంకో షిఫ్టును. మధ్యలో ఖాళీ ఇచ్చినారు గానీ నిద్ర పడితే కదా. భుజాలు పట్టేసినాయి. అయినా ఇది ఈ రాత్రే చెప్పాల, రేపటికి ఈ దడ తగ్గిపోతే మాటలు వేరేగా వస్తాయి. నేను చెప్తా ఉంటే మా పాప ఫోన్లో కొడతా ఉంది. తప్పులుంటే దాన్ని అనొద్దండి, నేను ఏడో తరగతితో బడి మానేసినోణ్ణి.

మాది ధర్మవరం. పదహైదేళ్లకు మగ్గం గుంతలో దిగినా, కాళ్లతో తొక్కుతా ఇరవై రెండేళ్లు పట్టుచీరలు నేసినా. సొంత మగ్గం కాదు, షావుకారు మగ్గం, కూలికి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. పెళ్లిళ్లు ఆగినాయి, నేసిన చీరలు షావుకారు బీరువాల్లోనే ఉండిపోయినాయి. చీరకు మూడు వేలున్న కూలి రెండు వేలకు దిగింది. అదీ వార్పు (చీర నిలువు పోగులు) దొరికితేనే. మళ్లీ పెళ్లిళ్లయితే వచ్చినాయి. పట్టు రేటు ఎక్కింది, కూలి ఎక్కలేదు. మేము నాలుగు రోజులు కూర్చుని నేసే డిజైను పవర్‌లూమ్ మీద పూటలో దిగుతా ఉంది, దాన్ని కూడా ధర్మవరం పట్టు అనే అమ్ముతా ఉన్నారు. 1985లో చట్టం చేసినారంట, పట్టుచీర లాంటివి చేమగ్గానికే వదిలేయాలని. మా వీధిలో ఆ చట్టాన్ని చూసినోళ్లు ఎవరూ లేరు.

ముప్పై ఆరేళ్లప్పుడు, ఇంక డ్రైవరు పని నేర్చుకుంటానని ఇంట్లో చెప్పినా. నా ధైర్యమంతా ఒకటే. ముందు ఎనిమిదో తరగతి పాసైతేనే బస్సు, లారీ తోలే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఇచ్చేవాళ్లు, 2019లో ఆ నిబంధన తీసేసినారు. కారు లైసెన్సు తెచ్చుకొని, అది ఏడాది నిండేదాకా మగ్గం నేస్తానే కాచుకున్నా. ఏడాది నిండనిదే హెవీ బండికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునే లైసెన్సు) కూడా ఇవ్వరు.

అనంతపురంలో ఒక డ్రైవింగ్ స్కూలులో చేరినా. పేరు వద్దులెండి. నెల రోజుల ట్రైనింగని డబ్బు కట్టించుకున్నారు. లెక్కేసుకుంటే నేను స్టీరింగ్ పట్టింది ఆరు రోజులు, రోజుకు పది నిమిషాలు. చివర్లో ట్రైనింగ్ అయిపోయిందని ఫారం 5 మీద సంతకం పెట్టి, టెస్టు రోజు 'మనిషి' ఉంటాడు, చూసుకుంటాడులే అన్నారు. ఆ మనిషికి ఇచ్చేదానికి నా దగ్గర లేదు. టెస్టులో బండి వెనక్కి తీయమన్నారు, ఏ పక్కకు తిప్పితే ఏ పక్కకు పోతాదో నాకే తెలీలేదు. ఫెయిల్.

బయటికొచ్చి మోరీ గట్టు మీద కూర్చున్నా. పక్కన టీ బంకు. ఒక ముసలాయన గ్లాసు పట్టుకొని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"ఏం పని చేస్తాండావప్పా ఇన్నాళ్లూ?"

మగ్గమని చెప్పినా. నా కాళ్ల దిక్కు చూసినాడు.

"గుంత మగ్గమా? అయితే కాళ్లకు పని తెలుసు. ఆదివారం రా."

అంతే. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. ఆయన తోడల్లుడికి ఇటుకల లారీ ఉంది, ఆదివారం ఖాళీగా నిలబడి ఉంటాది. ఊరి బయట అమ్ముడుపోని వెంచరొకటి ఉంది, రోడ్లు వేసినారు, రాళ్లు నాటినారు, ఇళ్లు లేవు. పదకొండు ఆదివారాలు అక్కడే నాకు బడి. డీజిలు నేను పోయిస్తానంటే సగమే తీసుకున్నాడు. ఫీజు మాటెత్తితే బండి దిగి పోతా అన్నాడు.

నేను సార్ అంటే, "సార్లంతా డిపోలో ఉండారు, నన్ను అన్నా అను" అనేవాడు. అరవై దాటిన మనిషిని అన్నా అనేదానికి నోరు రాక పెద్దాయనా అనేవాణ్ణి.

మొదటి రోజు నేను క్లచ్ తొక్కే ప్రతిసారీ కిందికి చూస్తా ఉన్నా.

"నేసేటప్పుడు కాళ్ల దిక్కు చూస్తావా?"

"లేదు పెద్దాయనా. అటూ ఇటూ పోయే నాడె మీద, అడ్డంగా పడే పేక మీదే ఉంటాయి కండ్లు."

"మరి ఇక్కడెందుకు చూస్తాండావు? కాళ్లను వాటి పని చేసుకోనీ. నువ్వు అద్దం చూడు."

స్కూల్లో ఎవరూ చెప్పని మాట అది. మగ్గం వదిలేస్తే ఇరవై రెండేళ్ల పని బూడిదలో పోసినట్టే అని లోపల కుమిలిపోతా ఉండేవాణ్ణి. ఆ రోజు బస్సెక్కి ఇంటికి వస్తా నా కాళ్ల దిక్కు నేనే చూసుకున్నా.

ఏడో ఆదివారం జరిగింది చెప్పాల. వెంచరు చివర ఒక ఇల్లుంది, కాంపౌండ్ గోడ కొత్తగా కట్టినారు. నేను రివర్సు తీస్తా ఉన్నా. ఆయన కిందికి దిగి చెయ్యి చూపిస్తా ఉన్నాడు, ఆగు ఆగు అన్నాడు. నేను బ్రేకు మీద కాలేసే లోపల లారీ వెనక మూల గోడను గీసుకుంటా పోయింది. రెండు గజాల గార రాలిపోయింది.

ఇంటాయన పరిగెత్తుకుంటా వచ్చినాడు. "ఎవడ్రా తోలింది?"

నేను తలుపు తీసే లోపలే పెద్దాయన ముందుకు పోయి నిలబడినాడు. "నేనేనప్పా. అద్దం సరిగా చూసుకోలేదు."

ఆయన తెల్ల వెంట్రుకలు చూసి ఇంటాయన ఇంకా రెచ్చిపోయినాడు. ఈ వయసులో నీకు లారీ ఎందుకయ్యా, కండ్లు కనపడకపోతే ఇంట్లో పడుండొచ్చు కదా అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు, పాపతో కొట్టించలేను. పెద్దాయన తల వంచుకొని అన్నీ విన్నాడు. జేబులోంచి పదహైదు వందలు తీసి గారకని ఇచ్చినాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఈ మనిషి 31 ఏళ్లలో ఒక్క యాక్సిడెంట్ చేయలేదు. అందుకు డిపోలో శాలువా కప్పినారు. ఆ ఫోటో వాళ్లింట్లో దేవుడి పటాల పక్కనే ఉంటాది, నేను చూసినా.

బండెక్కినాక, ఎందుకట్లా చెప్పినారని అడిగినా.

"నువ్వు తగిలించినావని నిన్ను అరిస్తే, ఇంక నువ్వు రివర్సు గేరు ముట్టవు. నాదేముంది, రిటైరైనోణ్ణి. తియ్యి, ఇంకోసారి తియ్యి."

తీయలేకపోయినా. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చినా. షావుకార్ల దగ్గర, ఆఫీసుల దగ్గర నా మీద అరిచినోళ్లను చానా మందిని చూసినా. నా బదులు అరిపించుకున్న మనిషిని అప్పుడే చూడడం. ఆయన ఏమీ అనలేదు, కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు. కాసేపటికి, "ఇంజను ఆపి ఏడువప్పా, డీజిలు పోతాంది" అన్నాడు.

రెండో టెస్టు పాసైనా, ఏ మనిషి సాయమూ లేకుండా. లైసెన్సు చేతికొచ్చినాక ఆయనింటికి ఏదైనా తీసుకుపోవాల అనుకున్నా. ఆయన భార్య పెద్దమ్మకు పట్టుచీర పెడితే బాగుంటాదనిపించింది. అప్పుడు గుర్తుకొచ్చింది, నా చేతుల మీద వందల చీరలు దిగినాయి గానీ ఒక్కటి కూడా నాది కాదు. వార్పు షావుకారిది, జరీ షావుకారిది, చీర షావుకారిది. చీనీకాయలు రెండు కిలోలు తీసుకుపోయినా. పెద్దమ్మ రసం తీసి నాకే ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2019 డిసెంబరులో నేతగాళ్లకు ప్రభుత్వం డబ్బిచ్చే నేతన్న నేస్తం పథకం మా ధర్మవరంలోనే మొదలుపెట్టినారు, ఏడాదికి 24 వేలు ఇచ్చేవాళ్లు. సొంత మగ్గం ఉన్నోళ్లకే. మేం కూలి మగ్గపోళ్లం. మరి నేసినోడు నేతన్న కాదా సార్, మగ్గం కొయ్యకా డబ్బు ఇచ్చేది? అర్జీ పట్టుకొని ఎన్నిసార్లు తిరిగినానో నాకే లెక్క లేదు. ఒకాయన రేపు రమ్మంటాడు, రేపు పోతే ఆయన బదిలీ అయిపోయి ఉంటాడు. సరే, వదిలేయండి. ఈపొద్దు తిట్టే రోజు కాదు.

ఇంట్లోవాళ్ల సంగతి ఏం రాసేది. మా ఆవిడ చైను కుదువ పెట్టింది, మా బామ్మర్ది వడ్డీ కట్టినాడు, మా అమ్మ దేవునికి మొక్కుకుంది. వాళ్లకు థ్యాంక్స్ చెప్తే నవ్వుతారు.

ఆఁ, కంటి డాక్టరమ్మను మరిచిపోతా ఉన్నా. లైసెన్సుకు కావాల్సిన మెడికల్ సర్టిఫికెట్టు (ఫారం 1ఏ) కోసం పోతే, "దగ్గర చూపు తగ్గింది, దూరం చూపు బాగుంది. నీకు ఇంక మగ్గం కన్నా బండే నయం" అన్నారు. ఆ మాట నాకు టానిక్కు మాదిరి పనిచేసింది. టీ బంకు అక్కకు ఇంకా నూట నలభై బాకీ ఉండా, ఈ నెల జీతం రాగానే ఇస్తా అక్కా. ఎల్‌ఎల్‌ఆర్ స్లాటు బుక్ చేసిచ్చిన నెట్ సెంటర్ తమ్ముడు కూడా. ఇంకా... లారీ ఇచ్చిన తోడల్లుడు! ఆయన్నెట్లా మరిచిపోయినా. అన్నా, క్షమించు. ఈపొద్దు పెనుకొండ దగ్గర బస్సు ఆగిపోతే, కొత్తోణ్ణని నవ్వకుండా మౌనంగా కూర్చున్న స్టాఫ్ అందరికీ కూడా.

పెద్దాయన పేరు రాస్తానంటే వద్దన్నాడు. "నేర్పమని ఫోన్లు చేస్తారప్పా, నా తోడల్లునికి ఉండేది ఒకే లారీ." రేపు మూడున్నరకు నన్ను లేపేదానికి మాత్రం ఫోన్ చేస్తానన్నాడు.

ఇంకొక్క మాట. అనంతపురం బయట ఆ వెంచరు చివర ఇల్లు కట్టుకున్న సార్ ఇది చదువుతా ఉంటే: మీ గోడను గీసింది నేను. ఆయన కాదు.