మన లినక్స్ సంఘం ఈ ఏడాది పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది ఆదివారం క్లాసులు, పాత కంప్యూటర్లకి లినక్స్ ఎక్కించి ఇచ్చే పని ఎప్పట్లాగే నడిచాయి, చందాల లెక్క ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక మిగతా నివేదికంతా ఒక్క విషయం మీదే, షెల్ స్క్రిప్టులో ఫైలుని లైను లైనుగా చదవడం. షెల్ అంటే మనం కొట్టే కమాండ్లని నడిపేది, ఆ కమాండ్లు వరసగా రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రామే షెల్ స్క్రిప్టు. ఎందుకంటే సభ్యులు పట్టుకొచ్చే స్క్రిప్టుల్లో ఎక్కువ గొడవ అక్కడే ఉంటోంది, పైగా ఎర్రర్ కూడా ఇవ్వకుండా తప్పు జవాబు ఇచ్చేస్తుంది, అదే భయం.

క్లాసులో వాడింది తెలంగాణ జిల్లాల లిస్టు, లైనుకో జిల్లా, మొత్తం 33 లైన్లు, మేడ్చల్ మల్కాజిగిరి మధ్యలో హైఫన్ లేకుండా స్పేస్ పెట్టుకున్నాం. కొత్తవాళ్ళు ముందు రాసేది ఫర్ లూపే, అందులో డాలర్ బ్రాకెట్ పెట్టి క్యాట్, అంటే ఫైలులో ఉన్నదంతా బయటికిచ్చే కమాండ్. రన్ చేస్తే లూప్ 41 సార్లు తిరిగింది! భద్రాద్రి ఒకటి కొత్తగూడెం ఇంకోటి అయిపోయాయి, కొమురం భీం ఆసిఫాబాద్ అయితే మూడు ముక్కలు. ఫర్ లైన్లని చూడదు, స్పేస్ గానీ ట్యాబ్ గానీ కొత్త లైను గానీ ఏది కనపడ్డా అక్కడ తెంపేస్తుంది, ఎక్కడైనా ఒక స్టార్ గుర్తు విడిగా ఉందంటే దాని బదులు ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్ళ పేర్లన్నీ వచ్చి పడతాయి. ఇంటిపేరు, పేరు, ఊరు అన్నీ స్పేసులతో రాసుకునే మన లిస్టులకి ఈ పద్ధతి అస్సలు వద్దు.

సంఘం స్క్రిప్టులన్నీ ఇప్పుడు ఒక్కోసారి ఒక్కో లైను చదివే రీడ్ కమాండ్ పెట్టి ఇలా మార్చాం: వైల్ ఐఎఫ్‌ఎస్= రీడ్ -ఆర్ లైన్; డూ, తర్వాత మన పని, చివర డన్ < జిల్లాలు. ఐఎఫ్‌ఎస్ అంటే ఎక్కడెక్కడ తెంపాలో చెప్పే వేరియబుల్, దాని పక్కన ఖాళీగా వదిలేస్తే లైను ముందూ వెనకా ఉన్న స్పేసులు పోవు, -ఆర్ పెడితే బ్యాక్‌స్లాష్‌లు మాయం కావు. లోపల వాడేటప్పుడు వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ తప్పనిసరి, అవి లేకపోతే మళ్ళీ ముక్కలే.

అయినా ఒకసారి 32 జిల్లాలే వచ్చాయి. అక్షర క్రమంలో ఆఖరున ఉన్న హైదరాబాద్ లేదు, ఎందుకంటే ఆ లైను చివర ఎంటర్ కొట్టకుండా సేవ్ చేశారు, రీడ్ ఆ పేరుని చదువుతుంది కానీ ఫైలు అయిపోయిందని ఫెయిల్ అని చెప్తుంది, లూప్ అక్కడే ఆగిపోతుంది. రీడ్ తర్వాత "లేదా లైన్ ఖాళీ కాకపోతే" అనే టెస్ట్ -ఎన్ కలిపితే సరి. విండోస్ నుంచి వచ్చిన ఫైళ్ళయితే లైను చివర కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు ఉంటుంది, దాన్ని తీసేసే డాస్2యూనిక్స్ కమాండ్ కొట్టి మొదలుపెట్టండి.

హెల్ప్ డెస్కులో బాగా సతాయించింది మాత్రం ఇక్కడి నుంచే ఇంకో కంప్యూటర్లోకి వెళ్ళి కమాండ్లు నడిపే ఎస్‌ఎస్‌హెచ్. ల్యాబ్ కంప్యూటర్ల లిస్టు మీద లూప్ పెడితే మొదటిదాంట్లోకి వెళ్ళి పని చేసి ఆగిపోతోంది, మిగతావాటి జోలికే పోవట్లేదు, నెట్‌వర్క్ అనుకుని కేబుళ్ళు కూడా మార్చారు పాపం. అసలు సంగతేంటంటే లూప్ ఏ ఇన్‌పుట్ నుంచి చదువుతోందో ఎస్‌ఎస్‌హెచ్ కూడా అక్కడి నుంచే తీసుకుని మిగిలిన లైన్లన్నీ మింగేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ ఇస్తే చాలు, ఆ ఇన్‌పుట్ జోలికి పోదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో వీడియోలు మార్చేవాళ్ళకీ ఇదే తిప్పలు, దానికి -నోఎస్‌టీడీఇన్ ఉంది.

ఇంకోటి, క్యాట్ నుంచి పైపు (ఒక కమాండ్ ఇచ్చింది ఇంకోదానికి అందించే నిలువు గీత గుర్తు) వేసి వైల్‌కి ఇవ్వకండి. లినక్స్‌లో మామూలుగా ఉండే షెల్ బాష్, దాంట్లో అలా ఇస్తే లూప్ వేరే సబ్‌షెల్‌లో, అంటే విడిగా పుట్టిన ఇంకో షెల్‌లో నడుస్తుంది, లోపల పెంచిన కౌంటర్ బయటికొచ్చి చూస్తే సున్నా. జెడ్‌షెల్ అనే ఇంకో షెల్‌లో ఇలా జరగదు, 2019లో వచ్చిన క్యాటలినా వెర్షన్ నుంచి మ్యాక్‌లో డీఫాల్ట్ అదే కాబట్టి మ్యాక్ వాళ్ళకి కరెక్టుగా వచ్చేది లినక్స్ వాళ్ళకి రాక క్లాసులో పెద్ద వాదనే నడిచింది.

లక్షల లైన్ల ఫైలుకి మాత్రం షెల్ లూప్ మానేసి, ఫైలుని తనే లైను లైనుగా చూసుకునే ఆక్ కమాండ్ వాడమనే మా సలహా, స్పీడులో పోలికే లేదు.

వచ్చే ఏడాది సభ్యుల స్క్రిప్టులన్నీ, తప్పులు వెతికి చూపించే షెల్‌చెక్‌లో వేసి చూద్దామని కమిటీ అనుకుంది, పైన చెప్పిన తప్పుల్లో చాలావరకు అదే పట్టిస్తుంది. మీ దగ్గర రోజూ నడిచే స్క్రిప్ట్ ఏదైనా ఉంటే పాస్‌వర్డులు తీసేసి ఉగాదిలోపు పంపండి, ఫర్‌తో క్యాట్ ఉన్నవి ముందు చూస్తాం.